నూట నలభై నాలుగో నైపుణ్యం

నైపుణ్యాల శాఖ మంత్రిగారు చిన్న ప్రకటనలు చెయ్యరు. వాటి కోసం కింద సహాయమంత్రి ఉన్నాడు. అందుకే ఆ సోమవారం పొద్దున తన బంగళా ముందు హాల్లో విలేకరులందరినీ కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని అప్పుడు నోరు తెరిచారు.

"మన ప్రాంతంలో అన్నిటికంటే వేగంగా పెరుగుతున్న వృత్తి ఏమిటో మా శాఖ కనిపెట్టింది. వృద్ధుల సంరక్షణ! ఎందుకంటారా? మా పాలనలో ఎవరికీ చావాలని అనిపించడం లేదు. అందరూ హాయిగా ముసలివాళ్లయిపోతున్నారు. ఐదేళ్లలో ఈ వృత్తి మూడు వందల పన్నెండు శాతం పెరుగుతుంది. దానికి ఏయే నైపుణ్యాలు కావాలో నలభై ఐదు రోజుల్లో గుర్తించి, యాభై వేల మందికి శిక్షణ ఇచ్చి, కార్డులిస్తాం. స్కిల్ మ్యాపింగ్, స్కిల్ గ్యాప్, స్కిల్ బ్రిడ్జ్!"

"బ్రిడ్జి ఎక్కడ కడతారండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"గ్యాప్ ఎక్కడుంటే అక్కడ" అన్నారు మంత్రిగారు. అంత సూటిగా జవాబు చెప్పే నాయకులు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు చెప్పండి. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్ల వేళకే హాలు వెనక నడవాలో గోరువెచ్చని నీళ్ల గ్లాసు, మాత్రల డబ్బా పట్టుకుని వెళ్తున్న ఆయమ్మ ఒక్క క్షణం ఆగింది. మంత్రిగారి నాన్నగారిని మూడేళ్లుగా చూసుకుంటున్నది ఆవిడే. తన పని అంత వేగంగా పెరుగుతోందని ఆవిడకు ఇంతవరకూ తెలియదు. జీతమైతే చేరిన రోజు ఎక్కడుందో అక్కడే కూర్చుంది. "పెరగనీ, పెరగనీ" అనుకుని, నీళ్లు చల్లారిపోతాయని గబగబా నడిచింది.

విలేకరులు వెళ్లాక కన్సల్టెంటుగారు మంత్రిగారి ముందు ట్యాబ్ తెరిచారు. పెద్ద పెద్ద దేశాల్లో పెద్ద పెద్ద రిపోర్టులు రాసి వచ్చిన మనిషి. "సార్, నైపుణ్యాలు గుర్తించాలంటే ముందు ఆ పని చేసే మనిషి ఒకరు కావాలి. దగ్గర కూర్చుని చూడాలి."

"టెండరు పిలవండి" అన్నారు మంత్రిగారు.

పీఏ కొంచెం వంగి, "మన వెనక గదిలో ఒకావిడ ఉంది సార్" అన్నాడు.

"ఎవరి కోసం?"

"మీ నాన్నగారి కోసం సార్."

"నాన్న మన దగ్గరే ఉన్నారా?"

"మూడేళ్ల నుంచి సార్."

మంత్రిగారు బల్ల మీద గట్టిగా చరిచారు. "చూశావటయ్యా! జనానికి చెప్పకముందే మన ఇంట్లో అమలు చేసేశాం. ఇది పేపర్లో రావాలి."

వెనక గది సంగతి కూడా చెప్పాలి. పెద్దాయనకు ఎనభై రెండేళ్లు. ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సుల్లో పనిచేశారు. మొదట కండక్టరు, ఆ తరవాత చెకింగ్ ఇన్‌స్పెక్టరు. మూడేళ్ల కిందట ఆయన జ్ఞాపకాలు ఒక్కొక్కటే ఒక్కో స్టాపులో దిగిపోవడం మొదలుపెట్టాయి. చివరికి బస్సు ఒక్కటే మిగిలింది. ఆ గదే ఆయన బస్సు. గుమ్మం ఫుట్‌బోర్డు. కిటికీ పక్క కుర్చీ ఆడవాళ్ల సీటు. మంచం ఆయన సొంతం. మెళ్లో ఈల, చేతిలో భూతద్దం, దిండు కింద కండక్టరు రోజులనాటి పాత తోలు సంచి.

టికెట్టు లేకుండా ఆ గదిలోకి ఎవరూ అడుగుపెట్టడానికి వీల్లేదు. పెట్టారా, ఈల! ఆ ఈలకు తోటలో పక్షులు లేచిపోయేవి.

మొదటి వారం ఆయమ్మకు ఈ సంగతి తెలియక నానా తంటాలు పడింది. బతిమాలింది. కోప్పడింది. మాత్రను పాలల్లో కలిపింది. ఆయన పాలగ్లాసు పక్కన పెట్టి, "బస్సులో తినుబండారాలు అమ్మకూడదు, దిగు" అన్నారు. అలా గుమ్మం అవతల నిలబడి, ఏం చెయ్యాలో తోచక, చీర కొంగు ముడి విప్పి ఆ పొద్దున తను వచ్చిన బస్సు టికెట్టు చూపించింది. పెద్దాయన భూతద్దం పెట్టి తారీఖు చూశారు, స్టేజీ చూశారు, నంబరు చూశారు. బొటనవేలి గోటితో మూల చింపారు.

"కూర్చో అమ్మాయ్. ఎక్కడ దిగాలి?"

"ఆస్పత్రి స్టాపండీ."

"సార్ అనాలి."

"ఆస్పత్రి స్టాపు సార్."

"వచ్చినప్పుడు చెప్తా. ఫుట్‌బోర్డు మీద నిలబడకు."

పది నిమిషాలకు ఆయన "ఆస్పత్రీ, ఆస్పత్రీ!" అని కేకేసి ఈల ఊదారు. బస్సు ఆగింది. అప్పుడు ఆయమ్మ మెల్లిగా, "సార్, డ్రైవరుగారు టీకి దిగారు. ఈలోగా మీరు మాత్ర వేసుకోండి" అంది. ఆయన బుద్ధిగా వేసుకున్నారు. మర్నాడు అదే టికెట్టు చూపిస్తే మాత్రం, "నిన్నటిది. నన్నే మోసం చేద్దామని?" అని దించేశారు. మాత్ర రెండు గంటలు ఆలస్యమైంది.

అప్పటి నుంచి ఆయమ్మకు ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున మాత్రకు తన టికెట్టు. మధ్యాహ్నం మాత్రకు, సాయంత్రం మాత్రకు, డాక్టరుగారికి, కాళ్లకు వ్యాయామం చేయించే ఆయనకు, గడ్డం గీసే ఆయనకు వేరే టికెట్లు కావాలి. అందుకని పొద్దున్నే బస్సు దిగి అక్కడే నిలబడి, తనతోపాటు దిగినవాళ్లను అడిగేది. "బాబూ, ఆ టికెట్టు పారేస్తారా? నాకిస్తారా?" కొందరు నవ్వేవాళ్లు. కొందరు పిచ్చిదనుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. ఒక బ్యాంకు గుమస్తా మాత్రం రోజూ మడత పడకుండా జేబులో పెట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు. అన్నీ ఒక రేకు డబ్బాలో వేసుకుని బంగళాకు వచ్చేది. మూడేళ్లలో పెద్దాయన ఒక్క మాత్ర తప్పలేదు.

మనసు బాగున్న రోజు ఆయన కబుర్లు చెప్పేవారు. "నాకో కొడుకున్నాడు అమ్మాయ్. స్కూలుకు నా బస్సులోనే వచ్చేవాడు. ఒకరోజు మా నాన్న బస్సే కదా అని టికెట్టు లేకుండా ఎక్కాడు. దారిలో దించేశాను. ఏడ్చాడు వెధవ. మళ్లీ జన్మలో టికెట్టు లేకుండా ఎక్కలేదు."

"ఇప్పుడెక్కడున్నారు సార్ మీ అబ్బాయి?"

"స్కూల్లో. ఎక్కడుంటాడు?"

కన్సల్టెంటుగారు మర్నాడు తొమ్మిదింటికే స్టాప్‌వాచీతో సహా దిగబడ్డారు. గుమ్మంలో కాలు పెట్టగానే ఈల మోగింది.

"టికెట్?"

"నేను కన్సల్టెంట్నండీ."

"ఎవరైతే నాకేం? దిగు."

ఆయమ్మ రేకు డబ్బాలోంచి ఒక టికెట్టు తీసి కన్సల్టెంటుగారి చేతిలో పెట్టింది. పెద్దాయన మూల చింపి లోపలికి రానిచ్చారు. కన్సల్టెంటుగారు ఆడవాళ్ల సీటులో కూర్చుంటే మళ్లీ లేపారు. ఆరు రోజులు ఆయన స్టూలు మీదే కూర్చున్నారు. ఆరు రోజులూ ఆయమ్మ ఇచ్చిన టికెట్టుతోనే లోపలికి వచ్చి, వెళ్తూ వెళ్తూ దాన్ని చెత్తబుట్టలో వేశారు. ట్యాబ్‌లో మాత్రం, "అటెండెంటు దగ్గర చిత్తుకాగితాల డబ్బా ఉంది. పరిశుభ్రతా లోపం" అని రాసుకున్నారు.

నైపుణ్యాలు గుర్తించడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు.

"నీళ్లిచ్చే ముందు ఏం చేశావమ్మా?"

"గ్లాసు పట్టుకున్నానండీ."

"గ్లాసు పట్టుకొనుట. ఒకటి. తరవాత?"

"నడిచానండీ."

"పట్టుకుని నడచుట. రెండు. ఒలికిందా?"

"లేదండీ."

"ఒలకకుండుట. మూడు! చూశావా, నీకు తెలియకుండానే నీలో ఎన్ని ఉన్నాయో."

ఆయమ్మకు సిగ్గేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది. తనలో నూట నలభై మూడు నైపుణ్యాలు ఉన్నాయని తేలాక, ఆ సంతోషంలోనే ధైర్యం చేసి, "బాబూ, టికెట్టు సంగతి రాశారా? అది లేకపోతే మిగతావేవీ జరగవు" అంది.

"అది స్కిల్ కాదమ్మా, అలవాటు" అన్నారు కన్సల్టెంటుగారు జాలిగా. "లెక్కగట్టాను. దానివల్ల నీకు రోజుకు ఇరవై ఆరు నిమిషాలు వృథా. మా మాడ్యూల్ వస్తే ఆ బాధ ఉండదు."

నలభై నాలుగో రోజుకే పుస్తకం వచ్చింది. చెప్పిన గడువు కంటే ఒక రోజు ముందు! నాలుగు వందల పేజీలు, నున్నటి కాగితం, ప్రతి పేజీలో మంత్రిగారు. డెబ్బై ఒకటో నైపుణ్యం చిరునవ్వు, రెండు సెకన్లు. తొంభై ఆరు, తలుపు మూయుట. తొంభై ఏడు, తెరచుట. దాంతోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. ఒకటో తారీఖు నుంచి నైపుణ్య కార్డు లేనివాళ్లెవరూ ఏ ముసలివాళ్లకూ మాత్ర కూడా ఇవ్వకూడదు. ఆదర్శం తన ఇంటి నుంచే మొదలు కావాలని మంత్రిగారు పట్టుబట్టారు.

"భయమెందుకు ఆయమ్మా?" అన్నాడు పీఏ. "పరీక్ష రాయి, పాసవుతావు. పుస్తకమంతా నిన్ను చూసి రాసిందే కదా."

ఆయమ్మకు మాత్రం గుండెల్లో రాయి పడింది. భర్త తాపీపని చేస్తూ సారువ కర్రల మీంచి పడి రెండేళ్లుగా నడుము లేవక ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు నడిచేది ఈ పని మీదే. అదొక ఎత్తు. తను రాకపోతే పెద్దాయన నోట మాత్ర పడదు. అది ఇంకో ఎత్తు.

ఆ వారమంతా భర్త మంచం మీద పడుకుని పుస్తకం గుండెల మీద పెట్టుకుని ప్రశ్నలడిగాడు.

"ఏమే, ఎంపతీ అంటే ఏమిటి?"

"ఏమోనండీ. డాక్టరుగారు ఇంతవరకూ రాయలేదు."

"మాత్ర కాదే! ఎదుటివాళ్ల బాధ మన బాధ అనుకోవడమట. ముప్పై ఏడో నైపుణ్యం. అది నీకెలా వచ్చిందే?"

"మీతో కాపురం చేస్తే రాదూ?" అంది ఆయమ్మ. ఆయన నవ్వబోయి నడుము పట్టేసి అబ్బా అన్నాడు. ఆవిడ లేచి కాపడం పెట్టింది.

పరీక్షలో మొదటి భాగం కంప్యూటరు మీద. అది ఎలాగో గట్టెక్కింది. రెండో భాగం రబ్బరు బొమ్మకు మాత్ర వేయడం. బొమ్మ మంచం మీద నోరు తెరుచుకుని పడుకుని ఉంది. ఆయమ్మ దాని పక్కన కూర్చుని, తల కింద చెయ్యి పెట్టి కొంచెం లేపి, "ఇదిగోండి, నీళ్లు తాగండి, మెల్లిగా" అని మాత్ర నోట్లో పెట్టింది. పెట్టి, అలాగే ఉండిపోయింది. గంట మోగింది.

"ఎందుకాగిపోయావు?" అని పరీక్షాధికారి అడిగాడు.

"మింగుతారేమోనని చూస్తున్నానండీ. మింగకుండా పడుకోబెడితే గొంతులో అడ్డం పడుతుంది."

"బొమ్మమ్మా అది!"

"తెలుసండీ. చెయ్యి రావట్లేదు."

కేటాయించిన సమయం మించినందుకు ఆవిడ తప్పింది. మొదటి ర్యాంకు వచ్చిన అమ్మాయి అదే పని నాలుగు సెకన్లలో చేసిందట. ఇక చూసుకోండి తేడా!

ఒకటో తారీఖున ఆ మొదటి ర్యాంకు అమ్మాయి నీలం యూనిఫాం, మెళ్లో కార్డు వేసుకుని బంగళాలో చేరింది. పాపం మంచి పిల్ల. పుస్తకమంతా కంఠతా వచ్చు. గుమ్మంలో నిలబడి డెబ్బై ఒకటో నైపుణ్యం ప్రకారం రెండు సెకన్లు నవ్వింది.

"టికెట్?" అన్నారు పెద్దాయన.

ఆ అమ్మాయి మెళ్లో కార్డు చూపించింది.

"స్టూడెంట్ పాసు ఈ రూట్లో చెల్లదు. దిగు."

ఒక రోజైంది. రెండు రోజులైంది. మూడో రోజుకు ఆయన బీపీ ఎక్కడికో పోయింది, పాలు తప్ప ఏమీ ముట్టలేదు, అవీ తలుపు సందులోంచి తోస్తేనే. ఆ అమ్మాయి నడవాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కన్సల్టెంటుగారు పుస్తకం తిరగేసి, పేషెంటు మాడ్యూల్‌కు సహకరించడం లేదని తేల్చారు. చివరికి పీఏ ఆయమ్మకు ఫోను చేశాడు.

"ఏం మంత్రం వేసేదానివమ్మా నువ్వు?"

"మంత్రమేముందండీ. టికెట్టు. ఆ రోజు తారీఖుది ఉండాలి. నేనిప్పుడే బయల్దేరి వచ్చేస్తాను, మాత్ర వేసి వెళ్లిపోతాను."

"నీకు కార్డు లేదు కదా. మంత్రిగారి ఇంట్లోనే నిబంధన తప్పితే జనం ఏమనుకుంటారు?"

"జనం సంగతి సరేనండీ, ఆయనకు ఇవాళ్టికి మూడో రోజు!" అని ఆయమ్మ గట్టిగానే అంది. అవతల అప్పటికే పెట్టేశారు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఫోను మంచం మీదకు విసిరేసింది. అది భర్త నడుముకు తగిలింది.

మంత్రిగారు మాత్రం కబురు వినగానే వెలిగిపోయారు. "టికెట్ సంగతి నాకు చెప్పాలటయ్యా? ఇరవై ఏళ్లుగా పార్టీలో నేను తిరిగింది దాని కోసమే కదా! నూట నలభై నాలుగో నైపుణ్యం అని ప్రకటించండి. సాయంత్రానికల్లా యాభై వేల టికెట్లు అచ్చు కావాలి. రేపు పదింటికి నా చేత్తో మా నాన్నకు మాత్ర వేస్తాను. కెమెరాలను పిలవండి."

"తారీఖు ఉండాలంటోంది సార్ ఆవిడ."

"తారీఖు వేస్తే రేపటికి పనికిరావు. అంత డబ్బు దండగ చేస్తామా? నా ఫోటో వెయ్యండి. ఎప్పటికీ పనికొస్తుంది."

ప్రజాధనం మీద ఆ శ్రద్ధ చూసి పీఏకి కళ్లు చెమర్చాయి.

మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకు పీఏ మళ్లీ ఫోను చేశాడు. "ఎందుకైనా మంచిది, వచ్చి నడవాలో నిలబడు. కెమెరాలో మాత్రం పడకు." ఆయమ్మ పరుగున బస్సెక్కింది. స్టాపులో నిలబడి టికెట్లు అడిగే వ్యవధి లేదు. కొంగు ముడిలో తన టికెట్టు ఒక్కటే ఉంది.

నడవా అంతా జనం. ప్రతి ఒక్కరి చేతిలో పెళ్లి శుభలేఖంత టికెట్టు. నాలుగు రంగులు, అంచుకు బంగారు గీత, మధ్యలో దండం పెడుతున్న మంత్రిగారు. ముందు మంత్రిగారు, ఆయన వెనక మాత్ర ఉన్న వెండి పళ్లెంతో మొదటి ర్యాంకు అమ్మాయి, ఆ వెనక కెమెరాలు. ఆయమ్మ గోడకు ఆనుకుని, మునివేళ్ల మీద లేచి లోపలికి చూసింది. నాలుగు రోజుల్లో పెద్దాయన సగమైపోయారు. మెళ్లో ఈల బరువుకే మెడ వంగినట్టుంది.

"టికెట్?" అన్నారు పెద్దాయన. గొంతు మాత్రం తగ్గలేదు.

మంత్రిగారు కెమెరా వైపు ఒక చూపు విసిరి, టికెట్టు అందించారు. పెద్దాయన దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. భూతద్దం పెట్టారు.

"ఏ డిపోది ఇది?"

"మా శాఖే అచ్చు వేయించింది నాన్నా."

"తారీఖు లేదు. నంబరు లేదు. స్టేజీ లేదు. ఎక్కడ ఎక్కారో లేదు, ఎక్కడ దిగుతారో లేదు. ఈ బొమ్మెవరిది?"

"నాదే నాన్నా! చూడు, నేనే."

పెద్దాయన భూతద్దం ఎత్తి మంత్రిగారి మొహానికి ఎదురుగా పెట్టారు. తరవాత బొమ్మ మీద పెట్టారు. మళ్లీ మొహానికి పెట్టారు. పాతికేళ్లలో మంత్రిగారి మొహాన్ని అంత దగ్గరగా, అంతసేపు చూసినవాళ్లు ఇంకెవరూ ఉండరు.

"పోలికే లేదు" అన్నారు.

కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. మంత్రిగారు గొంతు తగ్గించి, "నాన్నా, నేను నీ కొడుకుని" అన్నారు.

"నా కొడుకు టికెట్టు లేకుండా ఎక్కడు. వాడికి చిన్నప్పుడే నేర్పాను." పెద్దాయన ఆ రంగుల కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తిరిగి ఇచ్చేశారు. "ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత సోకైన దొంగ టికెట్టు చూడలేదు. దిగండి. ఆ వెనకవాళ్లు కూడా, అందరూ దిగండి!"

ఈల మోగింది. మంత్రిగారు దిగారు, అంటే గుమ్మం ఇవతలికి వచ్చారు. ఏం చెయ్యాలో పాలుపోక అటూ ఇటూ చూస్తే గోడ పక్కన ఆయమ్మ కనిపించింది. ఆవిడ ఇంట్లోకి వచ్చి మూడేళ్లైనా ఆయన ఆవిడను ఎదురుపడి చూడటం అదే మొదలు.

"అమ్మా, నీ దగ్గర అసలు టికెట్టు ఉందా?"

"ఒకటుంది సార్. నాది."

మంత్రిగారు చెయ్యి చాచారు. ఆ చెయ్యి చాస్తే ఇవ్వనివాళ్లు ఆ శాఖలో లేరు. పీఏ పక్క నుంచి, ఇచ్చెయ్యి, ఇచ్చెయ్యి, నీ ఉద్యోగం నీకు వస్తుంది అని కళ్లతోనే చెప్పాడు. ఆయమ్మ చెయ్యి కొంగు ముడి మీదకు వెళ్లింది. ఇస్తే మంత్రిగారు ఎక్కుతారు, తను ఎక్కడం కుదరదు. ఎక్కి ఆయన ఏం చేస్తారు? ఏ స్టాపులో మాత్ర అడగాలో కూడా తెలియదు.

"ఇది నేను వచ్చిన బస్సుది సార్" అంది.

"మరి నాకెక్కడ దొరుకుతుంది?"

"బస్సులో సార్. ఎక్కితే ఇస్తారు."

అలా అని, మొదటి ర్యాంకు అమ్మాయి చేతిలో పళ్లెంలోంచి మాత్ర తీసుకుని, గుమ్మంలోకి వెళ్లి, చెమటకు తడిసిన టికెట్టు చాచింది. పెద్దాయన తారీఖు చూశారు, స్టేజీ చూశారు, నంబరు చూశారు. మూల చింపారు.

"నాలుగు రోజులుగా రావట్లేదేం అమ్మాయ్?"

"ఒంట్లో బాగాలేదు సార్."

"కూర్చో. ఆస్పత్రికేగా? ఈసారి తొందరగా పోనిస్తాలే." పెద్దాయన పది నిమిషాలు ఆగలేదు. రెండు నిమిషాలకే "ఆస్పత్రీ!" అని కేకేశారు. డ్రైవరు టీకి దిగాడు. పెద్దాయన మాత్ర మింగేదాకా ఆయన తల కిందనుంచి ఆయమ్మ చెయ్యి తియ్యలేదు. ఎంతసేపు పట్టిందో కన్సల్టెంటుగారు స్టాప్‌వాచీ చూసుకోవడం మర్చిపోయారు.

మర్నాడు అన్ని పత్రికల్లో మొదటి పేజీ. గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడ్డ మంత్రిగారి ఫోటో, కింద "తండ్రి పిలుపు కోసం" అని. కార్యక్రమం దిగ్విజయమని రాశారు. అటు ఆఫీసులో రాత్రికి రాత్రే ఆయమ్మ ఫైలు కూడా కదిలింది. కార్డు లేదు కాబట్టి అటెండెంటుగా ఉంచడం కుదరదు. అందుకని ఆవిడను "రోజువారీ ప్రయాణికురాలు" అనే హోదాలో, పాత జీతం మీదే కొనసాగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. అటెండెంటుగా మొదటి ర్యాంకు అమ్మాయి కాగితాల్లో ఉంటుంది.

ఆ పొద్దున ఆయమ్మ స్టాపులో బస్సు దిగేసరికి అక్కడ కార్లు వరసగా ఆగి ఉన్నాయి. నైపుణ్యాల శాఖ ఉద్యోగులు నలభై మంది, మెళ్లో గుర్తింపు కార్డులతో, మంత్రిగారికి టికెట్టు కోసం బస్సు మెట్ల దగ్గర తోసుకుంటున్నారు. "బాబూ, ఆ టికెట్టు ఇస్తారా? అమ్మా, మీది?" దిగింది పదకొండు మందే. బ్యాంకు గుమస్తా కంగారుపడి తన టికెట్టును గుప్పిట్లో దాచుకుని, జనంలోంచి దారి చేసుకుని వచ్చి ఆయమ్మ చేతిలో పెట్టాడు. కన్సల్టెంటుగారు ఒక పక్కన నిలబడి ఈ గుంపునంతా ట్యాబ్‌లో లెక్క వేసుకుంటున్నారు. ఒక్కరోజులో సున్నా నుంచి నలభై అట. అంత వేగంగా పెరిగిన వృత్తి ఆయన ఏ దేశంలోనూ చూడలేదట.

వెనక గది గుమ్మం ముందు మంత్రిగారు ఇస్త్రీ బట్టలతో నిలబడి ఉన్నారు. ఆయమ్మ ఆయన పక్క నుంచే వెళ్లి టికెట్టు చూపించి లోపల కూర్చుంది.

పెద్దాయన భూతద్దం దించి, గుమ్మం వైపు చూస్తూ మెల్లిగా అడిగారు. "అమ్మాయ్, ఆ దొంగ టికెట్టు మనిషి మళ్లీ వచ్చాడేం?"

"ఎక్కుతారట సార్."

పెద్దాయన దిండు కిందనుంచి తోలు సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"ఎక్కనీ, నాకేం. చిల్లర తెచ్చుకోమను."